స్త్రీలు – ప్రజాస్వామ్యం ఉపన్యాసాలు: వచ్చినవాళ్ళ చేత మాట్లాడించడం ఎలా?

పినాకిని_తీరం
మా టౌన్ శాఖా గ్రంథాలయంలో స్త్రీలు, పౌర భాగస్వామ్యం, ప్రజాస్వామ్యం మీద ఆరు బహిరంగ ఉపన్యాసాలు పెట్టాలని పాఠకుల కమిటీ తీర్మానించింది. నెలకు రెండు, మూడు నెలలు. నెల్లూరు జిల్లా. హాల్లో 120 మంది పడతారు. చుట్టుపక్కల పల్లెల నుంచి కూడా రావాలని కోరిక.
కమిటీ వేసిన జాబితా ఇది: 1. రాజ్యాంగ సభలో స్త్రీలు, 2. ఓటు హక్కు చరిత్ర, 3. పంచాయతీలు, మున్సిపాలిటీలకు సంబంధించిన 73, 74 రాజ్యాంగ సవరణలు, 4. సారా వ్యతిరేక ఉద్యమం, 5. 2023 మహిళా రిజర్వేషన్ చట్టం, 6. ముగింపు సభ, సన్మానాలు.
ఇలాంటి సభలు ఎట్లా జరుగుతాయో అందరికీ తెలుసు. డ్వాక్రా సంఘాల వాళ్ళను ఆటోల్లో తెచ్చి కూర్చోబెడతారు. వేదిక మీద ఆరుగురుంటే ఐదుగురు మగవాళ్ళు. శాలువాలకే ముప్పావుగంట. ప్రశ్నలు అడగమంటే ముందు వరుసలో పెద్దమనిషి లేచి ప్రశ్న పేరుతో ఇంకో ఉపన్యాసం ఇస్తాడు. ఆడవాళ్ళు రిజిస్టర్లో సంతకం పెట్టి, టీ తాగి, బస్సుకు పోతారు. ప్రజాస్వామ్యం మీద సభ పెట్టి అందులోనే ప్రజాస్వామ్యం లేకపోతే ఎందుకది? సమయం, విషయాలు, నడిపే పద్ధతి, దేన్ని మార్చాలో చెప్పండి.

సీమ_మిరప
ఫస్టు ఆరోది కొట్టేయండి. సన్మానాల కోసం ఒక సభా?

సౌండ్‌బాక్స్
మైకు సంగతి నేను చెప్తా. స్టాండుకు బిగించి వేదిక కింద పెట్టారంటే ఆడవాళ్ళు ఒక్కరు కూడా లేవరు. అందరూ చూస్తుండగా ముప్పై అడుగులు నడిచి రావాలి కాబట్టి. రెండు కార్డ్‌లెస్ మైకులు తీసుకోండి. రెండూ వెనక వరుస నుంచే మొదలుపెట్టి ముందుకు రానివ్వండి. పట్టుకుని తిరిగేది అమ్మాయిలైతే మంచిది, ఇంటర్, డిగ్రీ పిల్లలు చాలు. మైకు చేతికి ఇవ్వాలి, నోటి దగ్గర పట్టుకోకూడదు. పట్టుకున్నవాడు ఎప్పుడు లాక్కుంటాడో అన్న భయంతో మాట తెగిపోతుంది.
బాక్సులు వేదిక పక్కనే ఉండి మైకు దాని ముందుకు పోతే కీచుమంటుంది. అలవాటు లేని మనిషి ఆ చప్పుడుకు తనే ఏదో తప్పు చేశాననుకుని కూర్చుండిపోతుంది. మైకులు తిరిగే దారి బాక్సుల ముందుకు రాకుండా వాటిని దూరంగా పెట్టండి. సభకు గంట ముందు ఒకరిని హాలంతా మైకుతో నడిపించి చూసుకోండి. కొత్త బ్యాటరీలు నాలుగు జతలు జేబులో ఉండాలి.

పద్దుపుస్తకం
సౌండ్‌బాక్స్ గారు చెప్పింది అక్షరాలా నిజం. దానికి తోడు ప్రశ్నల చీటీలు. ఏ4 కాగితం నాలుగు ముక్కలు చేస్తే సరిపోతుంది. 120 మందికి 200 చీటీలు, 60 పెన్సిళ్ళు. రాయలేనివాళ్ళ కోసం వరుసకొక రాసేపిల్ల. పేరు రాయమని అడగొద్దు, ఊరు చాలు.

డాలస్_నుంచి
ఇక్కడ లీగ్ ఆఫ్ విమెన్ ఓటర్స్ అని 1920 నుంచీ ఉన్న సంస్థ ఉంది. ఎన్నికలప్పుడు అభ్యర్థుల సభలు నడుపుతారు. వాళ్ళదీ చీటీల పద్ధతే. తీసుకోవడానికి కొందరు, ఒకే రకం ప్రశ్నలు కలిపి వరుస పెట్టడానికి ఇద్దరు ముగ్గురు, గడియారం చూసేవాళ్ళు వేరే. మాట్లాడేవాళ్ళకు కనిపించేలా ఒక నిమిషం మిగిలింది, అయిపోయింది అని అట్టలు పట్టుకుంటారు. ముందు వరుస పెద్దమనిషికి ఆ అట్టే మందు. ఎవరూ నోరు పారేసుకోనక్కర్లేదు.

సీమ_మిరప
అట్ట చూపిస్తే కూర్చునే పెద్దమనిషి మా కాడ ఇంకా పుట్టలేదన్నా.

పద్దుపుస్తకం
నియమం ముందే పలకల మీద రాసి గోడకు కట్టాలి: ప్రశ్నకు ఒక నిమిషం, మొదటి ఐదు ప్రశ్నలు ఆడవాళ్ళవే, ఒకసారి మాట్లాడినవాళ్ళకు అందరి వంతూ అయ్యాకే రెండోసారి. అధ్యక్షురాలు మొదట్లోనే చదివి వినిపించాలి. మధ్యలో చెప్తే అవమానం అంటారు, ముందే చెప్తే పద్ధతి అంటారు.

ఓరుగల్లు_పిల్ల
డ్వాక్రా వాళ్ళను తెచ్చుడు అన్నరు కదా, అండ్ల పెద్ద తిరకాసు ఉన్నది. వీవోఏకు (ఊర్ల సంఘాల లెక్కలు రాసే ఆమెకు) ఫోన్ చేసి "సంఘానికి పది మందిని పంపు" అంటే తెల్లారి గ్రూపుల మెసేజ్ వస్తది, రాకుంటే లోన్ ఆగుతదని. ఎవరన్నా అన్నా అనకపోయినా వినేటోళ్ళకు గట్లనే వినిపిస్తది. భయంతోని వచ్చినామె నోరు విప్పుతదా?
గ్రామైక్య సంఘం (ఊర్లె డ్వాక్రా సంఘాలన్నీ కలిసింది) నెలవారీ మీటింగ్ తారీఖు అడుగుండ్రి. ఆ మీటింగ్‌కు మీరే పోయి పదిహేను నిమిషాలు కూసోని, ఏ సంగతులు వినాలనుకుంటున్నరో అడిగి రాసుకుని రండ్రి. రమ్మని జబర్దస్తీ వద్దు. తాము అడిగిన ప్రశ్నకు జవాబు దొరుకుతది అని తెలిస్తే వాళ్ళే వస్తరు. పిలిచేది సంఘం పేరుతోని కాకుండ గ్రంథాలయం పేరుతోని ఉండాలె.

నల్లబల్ల
టైము కూడా చూసుకోండి. నెల్లూరు డెల్టాలో నవంబరు, డిసెంబరుల్లో నాట్లు, మార్చి, ఏప్రిల్‌లో కోతలు. కూలికి పోయే ఆడవాళ్ళు ఆ రోజుల్లో రారు, రమ్మనడం కూడా తప్పు, ఒక పూట కూలి పోతుంది. జనవరి రెండోవారంలో సంక్రాంతి. ఫిబ్రవరిలో ఇంటర్ పరీక్షల హడావిడి మొదలు. కాబట్టి నెలకు రెండు చొప్పున మూడు నెలలు అన్న లెక్క వదిలేయండి. ఆగస్టు, సెప్టెంబరులో మూడు, సంక్రాంతి అయ్యాక మూడు పెట్టుకోండి.
మధ్యాహ్నం రెండున్నరకు మొదలై నాలుగున్నరకు అయిపోవాలి. సాయంత్రం ఆరు అనేది ఉద్యోగం చేసి రిటైరైన మగవాళ్ళకు కుదిరే వేళ. ఆ వేళకు నీళ్ళు వస్తాయి, పొయ్యి వెలగాలి, పిల్లలు బడి నుంచి వచ్చి ఉంటారు. చివరి బస్సు ఎన్నింటికో చూసి, దానికి ముప్పావుగంట ముందే ముగించండి.
ఇంకోటి, మరుగుదొడ్డి. నీళ్ళు, లోపల గడియ, చెత్తబుట్ట, లైటు. ఇవి లేని హాల్లో రెండు గంటల సభ పెడితే ఆడవాళ్ళు నీళ్ళు తాగకుండా వస్తారు, లేదా మధ్యలో వెళ్ళిపోతారు. వెళ్ళిపోయింది ఆసక్తి లేక కాదు.

సౌండ్‌బాక్స్
నల్లబల్ల మేడమ్ చివరి మాటకు వంద దండాలు. పిల్లల కోసం హాల్లోనే వెనక మూల ఒక జంపఖానా కూడా పరవండి. వేరే గది వద్దు. పిల్లాడు కంటికి కనపడకపోతే తల్లి ఉపన్యాసం వినదు.

పాత_సంచికలు
పద్ధతి గురించి అందరూ బాగా చెప్తున్నారు. విషయం గురించి నా మాట. రాజ్యాంగ సభను మొదట పెట్టారు కదా, "పదిహేను మంది స్త్రీలు ఉన్నారు" అని పేర్ల జాబితా చదివితే పది నిమిషాల్లో నిద్రపోతారు. వాదన చెప్పండి. ఆ పదిహేను మందిలో హన్సా మెహతా, రేణుకా రే లాంటివాళ్ళు అప్పట్లో స్త్రీలకు ప్రత్యేక స్థానాలు వద్దన్నారు, సమానత్వం చాలన్నారు. దాక్షాయణీ వేలాయుధన్ ఆ సభలో ఉన్న ఒకే ఒక్క దళిత మహిళ. మన రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి రాజ్యసభ సభ్యత్వానికి వయసు 35 అని ముసాయిదాలో ఉంటే 30 చేయాలని సవరణ పెట్టారు. ఇప్పుడున్నది ఆ 30 ఏళ్ళే. ఒక సవరణ ఎలా ప్రతిపాదిస్తారు, ఎలా నెగ్గుతుంది అన్నది ఈ ఒక్క ఉదాహరణతో అరగంటలో చెప్పొచ్చు.
రెండో ఉపన్యాసానికి: మద్రాసు ప్రెసిడెన్సీలో 1921లోనే స్త్రీలకు ఓటు వచ్చింది, కానీ ఆస్తి, పన్ను షరతులతో. అంటే కొద్దిమందికే. అందరికీ వచ్చింది 1951–52 ఎన్నికలతో. అప్పుడు కూడా దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్ళ పేర్లు జాబితాలోంచి పోయాయి. ఎందుకో తెలుసా? ఫలానావారి భార్య, ఫలానావారి కూతురు అని రాయించుకున్నారు తప్ప సొంత పేరు చెప్పలేదు. పేరు లేని ఓటరు వద్దని ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ గట్టిగా నిలబడ్డారు.

సీమ_మిరప
28 లక్షలా! ఇది మాత్రం తప్పకుండా చెప్పాల.

వార్డు_నంబర్_7
పాత సంచికలు గారూ, చరిత్ర మంచిదే. కానీ ఆరింటిలో నాలుగు చరిత్రే అయితే ఎలా? వచ్చినామెకు మా వీధి కాలవ సంగతి ఎవరిని అడగాలో తెలియాలి. అది వదిలేసి 1946 గురించి గంట చెప్తే ఆమెకు ఏం ఒరుగుతుంది?

పాత_సంచికలు
కాలవ సంగతి అడిగే హక్కు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే, "నీకెందుకమ్మా" అన్నవాడికి జవాబు చెప్తుంది. రెండూ కావాలి అంటున్నాను.

వార్డు_నంబర్_7
సరే, అయితే ప్రతి సభలో రెండూ ఉండాలి. 28 లక్షల పేర్ల కథ చెప్పిన రోజునే ఓటరు జాబితా పని చేయించండి. పెళ్ళయి వచ్చిన ఆడవాళ్ళ ఓటు పుట్టింట్లో ఉంటుంది, లేదా అక్కడ తీసేసి ఇక్కడ చేరదు. పంచాయతీ ఎన్నికలప్పుడు గానీ తెలియదు, అప్పటికి గడువు అయిపోతుంది. చాలామంది కొత్తగా ఫారం 6 పెడతారు, దాంతో రెండు చోట్లా పేరు పడి తలనొప్పి. పేరు ఒకచోట ఉండి ఇంకో చోటికి మార్చుకోవాలంటే ఫారం 8. 2022 ఆగస్టు నుంచి మార్పు, దిద్దుబాటు, కార్డు మార్పిడి అన్నీ దాంట్లోనే. అసలు పేరే లేకపోతే ఫారం 6. ఎవరిదైనా తీసేయమని అడగాలంటే 7. 18 ఏళ్ళు నిండాయా అని చూడటానికి ఇదివరకు జనవరి 1 ఒక్కటే లెక్క, ఇప్పుడు ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1 కూడా. 17 నిండిన అమ్మాయిలు ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చు.
గోడకు ఆ బూత్‌ల జాబితా ప్రింట్లు అంటించండి. ఎవరి పేరు వాళ్ళే వెతుక్కోవాలి, మొగుడి పేరు కింద కాదు. బీఎల్‌వోను (బూత్ ఓటరు జాబితా చూసే ఉద్యోగిని) పిలవండి, ఒక టేబుల్ వేయండి. ఆ రోజు ఉపన్యాసం అరగంట చాలు.

గణాంకం
మూడో ఉపన్యాసం సవరణల మీద అన్నారు. సెక్షన్లు చదవడం మాని, రిజర్వేషన్ వల్ల నిజంగా ఏం మారిందో చెప్పే వక్తను పిలవండి. చెప్పుకోవడానికి గట్టి పరిశోధనలు ఉన్నాయి.
రాఘవేంద్ర చట్టోపాధ్యాయ, ఎస్తేర్ డుఫ్లో 2004లో అచ్చేసింది: బెంగాల్‌లోని బీర్భూమ్, రాజస్థాన్‌లోని ఉదయపూర్ జిల్లాల పంచాయతీలు చూశారు. ఏ పంచాయతీ స్త్రీకి రిజర్వ్ అవుతుందో ఎవరి ఇష్టంతోనూ సంబంధం లేకుండా తేలుతుంది కాబట్టి పోలిక గట్టిగా నిలబడింది. ఆడవాళ్ళు ఏ సమస్య మీద ఎక్కువ ఫిర్యాదులు చేస్తున్నారో ఆ పనుల మీదే స్త్రీ సర్పంచులు ఎక్కువ ఖర్చు పెట్టారు. అలా ఖర్చు పెరిగిన పనుల్లో రెండు చోట్లా తాగునీరు ఉంది. రోడ్ల విషయంలో తేడా వచ్చింది: బీర్భూమ్‌లో ఆడవాళ్ళే రోడ్లు అడిగారు, అక్కడ పెరిగాయి. ఉదయపూర్‌లో అడిగింది మగవాళ్ళు, అక్కడ తగ్గాయి. బెంగాల్‌లో స్త్రీ ప్రధాన్ (అక్కడి సర్పంచ్) ఉన్న చోట గ్రామ సమావేశాల్లో ఆడవాళ్ళు మాట్లాడటం కూడా పెరిగింది.
ముంబై కార్పొరేషన్ మీద రిఖిల్ భవ్నానీ చేసింది ఇంకోటి. 1997లో రిజర్వ్ అయి 2002లో జనరల్ అయిన వార్డుల్లో స్త్రీ గెలిచే అవకాశం మామూలు వార్డులకన్నా దాదాపు ఐదు రెట్లు. సీటు తీసేసినా అలవాటు మిగిలింది.
మీ సభకు దీనికన్నా పనికొచ్చేది తమిళనాడు గ్రామసభల మీద జరిగింది. మాట్లాడిన మాటలన్నీ రికార్డు చేసి లెక్కకట్టారు. ఆడవాళ్ళు తక్కువసార్లు మాట్లాడుతున్నారు, మాట్లాడినా చర్చ వాళ్ళ విషయం మీద నడవడం తక్కువ, అధికారుల నుంచి జవాబు రావడం ఇంకా తక్కువ. పంచాయతీ అధ్యక్ష పదవిలో స్త్రీ ఉన్న చోట జవాబు వచ్చే అవకాశం పెరిగింది. అంటే "మాట్లాడండమ్మా" అనడంతో పని అయిపోదు. జవాబు వచ్చిందా లేదా చూడాలి.

ఓరుగల్లు_పిల్ల
గణాంకం అన్నా, గీ ముక్క మా దగ్గర చట్టానికి కూడ పనికొస్తది. తెలంగాణ 2018 చట్టం చేసినప్పుడు రిజర్వేషన్ రెండు టర్ములు, పదేండ్లు ఒక్కతీరుగ ఉండాలని పెట్టిండ్రు. ఆంధ్రల ఐదేండ్లకే తిరుగుతది కదా. ఐదేండ్లల పని నేర్చుకునేసరికే సీటు పోతది. పదేండ్లు మంచిదని నేనంట.

సీమ_మిరప
పదేండ్లంటే పక్క ఊరి ఆడోళ్ళు అంతకాలం కాచుకోవాల గదా అక్కా. తొందరగా తిరిగితే ఎక్కువ ఊర్లలో ఆడోళ్ళు కుర్చీ ఎక్కుతారు.

గణాంకం
బీర్భూమ్‌లోనే తర్వాత చేసిన పనిలో, రెండుసార్లు రిజర్వ్ అయిన ఊళ్ళలోనే ఆడపిల్లల చదువు మీద తల్లిదండ్రుల ఆశలు, పిల్లల సొంత ఆశలు గట్టిగా మారాయని తేలింది. 495 ఊళ్ళు చూశారు, 2012లో వచ్చింది. నా ఓటు ఓరుగల్లు గారికే.

పినాకిని_తీరం
నోట్ చేసుకుంటున్నాను. ఈ తగాదానే ఒక సభలో పెట్టొచ్చు అనిపిస్తోంది, ఇటు ఒకరు అటు ఒకరు. మరి సర్పంచ్ భర్తల సంగతి? దాని గురించి మాట్లాడకుండా ఈ వరుస పెడితే జనం నవ్వుతారు. మాట్లాడితే సగం మంది సర్పంచులు రారు.

మాజీ_కార్యదర్శి
మాట్లాడాలి. వాళ్ళను దోషుల్ని చేయకుండా, అధికారం ఏ వస్తువులో ఉందో చూపిస్తూ మాట్లాడాలి. పంచాయతీలో సర్పంచ్ పెత్తనం మూడు వస్తువుల్లో ఉంటుంది: తీర్మానాల పుస్తకం, చెల్లింపుకు వాడే డిజిటల్ సంతకం డాంగిల్ (కంప్యూటర్‌కు పెట్టే పెన్‌డ్రైవ్ లాంటిది), ఓటీపీ వచ్చే ఫోన్ నంబరు.
ఆర్థిక సంఘం నిధుల చెల్లింపు ఇప్పుడు ఈ-గ్రామ్‌స్వరాజ్ అనే కేంద్ర పోర్టల్ ద్వారా. కార్యదర్శి బిల్లు ఎక్కిస్తే సర్పంచ్ తన డాంగిల్ పెట్టి ఆమోదిస్తేనే డబ్బు కదులుతుంది. ఆ డాంగిల్ చాలా ఊళ్ళలో భర్త జేబులో ఉంటుంది, ఫోన్ నంబరూ ఆయనదే, పిన్ నంబరు కవరు మీద రాసి ఉంటుంది. ఆమె సంతకం పెట్టాల్సిన పని కూడా లేకుండా ఆమె సంతకం పడిపోతుంది. రేపు ఆడిట్ అభ్యంతరం వస్తే నోటీసు మాత్రం ఆమె పేరున వస్తుంది, రికవరీ ఆమె పేరున. ఈ మాట చెప్పండి చాలు, సర్పంచులు లేచిపోరు, దగ్గరికి జరిగి వింటారు. నంబరు తన పేరు మీదికి మార్పించుకోవడం, పిన్ మార్చుకోవడం, ఆమోదించే ముందు బిల్లు, ఎంబుక్ (చేసిన పని కొలతల పుస్తకం) అడిగి చూడటం, ఈ మూడూ అక్కడే నేర్పొచ్చు.
కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2023లో దీని మీద సలహా సంఘం వేసింది, నివేదికలో భర్తల పెత్తనానికి గట్టి శిక్షలు ఉండాలని చెప్పారు. శిక్ష సంగతి తర్వాత. ముందు డాంగిల్ ఆమె కొంగున ఉండాలి.

ఓరుగల్లు_పిల్ల
మా దిక్కు ఇంకో ముడి. 2018 చట్టంతోని చెక్ పవర్ సర్పంచ్, ఉప సర్పంచ్ ఇద్దరికీ కలిపి పెట్టిండ్రు. సర్పంచ్ దళిత మహిళ, ఉప సర్పంచ్ ఊరి పెద్ద అయితే ఆయన సంతకం కోసం తిరుగుడే తిరుగుడు. తెలంగాణ నుంచి ఎవరన్నా మీ పద్ధతి ఎత్తుకుంటే గిది కలుపుకోవాలె.

మట్టిబొమ్మ
ఇంతసేపూ చదివాను. ఆరు సభలూ టౌన్ గ్రంథాలయంలోనేనా? రాజ్యాంగం 243డిలో స్త్రీల వాటా అని విడిగా రాసి ఊరుకోలేదు. ఎస్సీ, ఎస్టీల స్థానాల్లో కూడా మూడోవంతుకు తగ్గకుండా స్త్రీలకే అని రాశారు. మన రాష్ట్రాల్లో అది సగం అయింది. అంటే పంచాయతీల్లో గెలిచే ఆడవాళ్ళలో చాలామంది కాలనీల నుంచి వచ్చేవాళ్ళు. టౌన్ హాలుకు వాళ్ళు వచ్చి వెనక నిలబడాలా? రెండు సభలు ఎస్సీ కాలనీ కమ్యూనిటీ హాల్లో పెట్టండి. టౌన్ వాళ్ళే ఆటో ఎక్కి రానీ. వేదిక వద్దు, అందరూ ఒకే ఎత్తులో కూర్చోవాలి. టీ గ్లాసులు అందరికీ ఒక్కటే రకం.
వక్తల్లో ఈశ్వరీబాయి గురించి చెప్పేవాళ్ళుంటే పిలవండి. రిపబ్లికన్ పార్టీ నాయకురాలు, 1967, 1972లో ఎల్లారెడ్డి ఎమ్మెల్యే. రిజర్వేషన్ అంటే నోరు లేని బొమ్మ అనేవాళ్ళకు ఆమె పేరొకటి చాలు.

పినాకిని_తీరం
మట్టిబొమ్మ గారూ, ఇది కమిటీలో గట్టిగా చెప్తాను. రెండు కాదు, మూడు అక్కడే పెడదాం.

నల్లబల్ల
సారా ఉద్యమం మీ జిల్లాదే కదా, దాన్ని నాలుగో స్థానంలో ఎందుకు పడేశారు? దాంతోనే మొదలుపెట్టండి. 1992 దూబగుంట. అక్షరదీపం అనే వయోజన విద్య తరగతుల్లో సారా మీద పాఠం చదివారు, చర్చించారు, లేచి వెళ్ళి సారా బండిని ఆపారు. తర్వాత వేలంపాటలు ఆపించారు. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం, 1997లో మళ్ళీ సడలింపు. గెలిచింది ఎలాగో ఎంత చెప్తారో, చేయి జారింది ఎందుకో అంతా చెప్పాలి. ఖజానాకు ఎక్సైజ్ ఆదాయం ఎంత ముఖ్యమో వివరించకుండా 1997 అర్థం కాదు. దీని మీద సభ పెడితే అరవై దాటిన ఆడవాళ్ళు వస్తారు, వాళ్ళు మాట్లాడతారు. వక్తకు ఇరవై నిమిషాలు, మిగతా అంతా వాళ్ళకు. ఫోన్లో రికార్డు చేయండి, ముందు అనుమతి అడిగి.

పాత_సంచికలు
మంచి మాట. ఇంకో సంగతి కూడా చెప్పించండి. వేలంపాట ఆపిన నాటికి వాళ్ళకు పంచాయతీలో మూడోవంతు సీట్లు లేవు. 73వ సవరణ అమల్లోకి వచ్చింది 1993 ఏప్రిల్ 24న, మన రాష్ట్రంలో దాని కింద మొదటి పంచాయతీ ఎన్నికలు 1995లో. ముందు వీధిలో నిలబడ్డారు, తర్వాత కుర్చీ వచ్చింది.

వార్డు_నంబర్_7
2023 చట్టానికి మాత్రం ఒక సభ మొత్తం వద్దండి. లోక్‌సభలో 454–2 తో నెగ్గింది, 1996లో మొదటి బిల్లు వచ్చాక 27 ఏళ్ళకు. జనగణన, ఆ తర్వాత నియోజకవర్గాల పునర్విభజన జరిగాకే అమలు అని చట్టంలోనే ఉంది. ఇది పావుగంట. ఆ సభను మాదిరి గ్రామసభకు వాడండి.

మాజీ_కార్యదర్శి
మాదిరి గ్రామసభ నడపాలంటే ఇలా. 25 మంది చాలు, మిగతావాళ్ళు ఓటర్లు. సర్పంచ్, ఉప సర్పంచ్, కార్యదర్శి, ఐదుగురు వార్డు సభ్యులు, ఏఎన్ఎం, అంగన్‌వాడీ టీచరు, లైన్‌మన్, ఇంజినీరింగ్ అసిస్టెంట్, గ్రామైక్య సంఘం లీడర్. చీటీల్లో పాత్రలు తీయండి. ఎజెండాలో మూడే అంశాలు: ఒక బోరు మోటారు, ఒక వీధి కాలవ, ఒక అంగన్‌వాడీ మరుగుదొడ్డి. చేతిలో ఉన్న డబ్బు రెండింటికే సరిపోయేలా పెట్టండి, అప్పుడే అసలు వాదన మొదలవుతుంది. 2021–26 కాలానికి 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే కట్టేశారు, మిగతా 40 మాత్రమే ఊరి ఇష్టం. డబ్బు ఇలా ముందే కట్టి వస్తుందన్నది కాగితం మీద లెక్కతో చూపిస్తే సర్పంచ్ చేతుల్లో నిజంగా ఎంత ఉందో తెలుస్తుంది.
తర్వాత తీర్మానం రాయించండి. ఎక్కువ మోసం జరిగేది ఇక్కడే. ఖాళీ పేజీల కింద ముందే సంతకాలు తీసుకుంటారు, తీర్మానం తీరిగ్గా ఇంటి దగ్గర రాస్తారు. రాయాల్సినవి: తీర్మానం నంబరు, తేదీ, ప్రతిపాదించినవారి పేరు, బలపరిచినవారి పేరు, విషయం, నిర్ణయం, ఒప్పుకోనివారి పేర్లు. సంతకానికి ముందు గట్టిగా చదివించమని అడగాలి. చివరి వాక్యం కింద అడ్డగీత కొట్టించాలి, లేకపోతే తర్వాత ఒక ముక్క చేరుతుంది. తన పేరు, తను అడిగిన మాట రాశారో లేదో చూసుకుని పేజీ ఫొటో తీసుకోవాలి. గణాంకం గారు జవాబు వచ్చిందా లేదా చూడాలి అన్నారు కదా, జవాబు వెతకాల్సింది ఆ పేజీలోనే.

పద్దుపుస్తకం
ఫొటో తీయనివ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు. గ్రామ స్థాయి కార్యాలయానికి మన రెండు రాష్ట్రాల్లో దరఖాస్తు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. నకలుకు ఏ4 పేజీ 2 రూపాయలు. 30 రోజుల్లో ఇవ్వాలి, ఇవ్వకపోతే ఇంకో 30 రోజుల్లో మొదటి అప్పీలు. "మా ఊళ్ళో ఏం జరుగుతోందో చెప్పండి" అని రాస్తే జవాబు రాదు. "ఫలానా తేదీ గ్రామసభ తీర్మానాల పుస్తకం నకలు, హాజరు పట్టీ నకలు" అని రాయాలి. పత్రం పేరు, తేదీ ఉంటే తప్పించుకోలేరు.

నగరవాసి
మీరంతా పంచాయతీల గురించే అంటున్నారు. మున్సిపాలిటీలో ఉండే ఆడవాళ్ళకు గ్రామసభ లేదు, కౌన్సిలరు ఇల్లే దిక్కు. రాజ్యాంగం వార్డు కమిటీలు తప్పనిసరి అన్నది మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న చోటే. తెలంగాణలో 2019 మున్సిపల్ చట్టంతో వార్డుకు నాలుగు కమిటీలు, ఒకటి మహిళలది, కానీ కమిటీ ఉందని దాని సభ్యులకే తెలియని వార్డులు బోలెడు. టౌన్ వాళ్ళకు ఒక సభ అయినా మెప్మా సంఘాలతో (పట్టణ పొదుపు సంఘాలతో) కలిసి పెట్టండి.

వార్డు_నంబర్_7
ఒప్పుకుంటున్నా. అయితే గ్రంథాలయంలో జరిగే మూడింటిలో ఒకటి పూర్తిగా మున్సిపాలిటీ మీదే.

సౌండ్‌బాక్స్
పర్మిషన్లు మర్చిపోకండి. బయట బాక్సు పెడితే పోలీసు స్టేషన్‌లో రాతపూర్వకంగా అనుమతి. స్థానిక ఎన్నికల షెడ్యూలు వచ్చిందంటే కోడ్ అమల్లోకి వస్తుంది, ప్రభుత్వ హాల్లో సభ అంటే ప్రశ్నలు మొదలవుతాయి. సర్పంచులు, కౌన్సిలర్లు వేదిక మీద కనిపిస్తే ఇంకా ఇబ్బంది. ప్రైవేటు హాలు ఒకటి, తేదీలు రెండు చేతిలో ఉంచుకోండి. ఫ్లెక్సీ మీద ఎవరి ఫొటోలూ వద్దు, తేదీ, టైము, విషయం చాలు.

సీమ_మిరప
ఫొటో లేని ఫ్లెక్సీని మన దగ్గర ఎవరూ చదవరని కమిటీ అంటాది చూడండి.

పినాకిని_తీరం
అన్నారు కూడా, నిన్ననే. ఎవరి ఫొటో వేసినా మిగతావాళ్ళు అలుగుతారు అని చెప్పి ఒప్పించాం.
ఇంకొక్కటి అడగాలి. ప్రతి సభ చివర్లో ఒక అర్జీ అయినా తయారవ్వాలి అనుకుంటున్నాం. ముప్పై మంది ముప్పై అర్జీలు రాస్తే మేలా, అందరూ కలిసి ఒకటే రాస్తే మేలా?

మాజీ_కార్యదర్శి
సొంత విషయం అయితే, పింఛను, పట్టా, రేషన్ కార్డు లాంటివి, ఎవరిది వాళ్ళదే. కలిపి రాస్తే ఒకరి ఆధార్ తేడా ఉన్నా ఫైలు మొత్తం మూలన పడుతుంది. నీళ్ళు, కాలవ, దీపాలు అయితే ఒక్కటే అర్జీ, కింద అందరి పేర్లు, ఇంటి నంబర్లు, సంతకాలు. ఒక అర్జీలో ఒకే సమస్య. నీళ్ళు ఒక శాఖ, దీపాలు ఇంకో శాఖ, రెండూ కలిపి రాస్తే ఎవరికి వాళ్ళు నాది కాదంటారు.
రెండు కాపీలు తీసుకెళ్ళాలి. రెండో దాని మీద తేదీతో ముద్ర, సంతకం వేయించుకోవాలి. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇస్తే కంప్యూటర్‌లో నంబరు పడి రసీదు వస్తుంది, ఆ నంబరే ముఖ్యం. ముందు పంచాయతీలో ఇచ్చిన అర్జీ కాపీ జతచేయండి, లేకపోతే తిరిగి పంచాయతీకే రాసి మూసేస్తారు.

మట్టిబొమ్మ
రసీదు ఎవరి దగ్గర ఉండాలో కూడా అక్కడే తేల్చండి. సంఘం లీడర్ దగ్గర వద్దు, మొదటి సంతకం పెట్టినామె దగ్గర. ఆమె నంబరే అర్జీ మీద రాయాలి. పరిష్కారం అయిందని ఫోన్ వచ్చినప్పుడు అవునో కాదో చెప్పేది ఆ మనిషే కదా.